తృణావర్తుని జాడలు



గత వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము మేము జనగామలో మా తమ్ముని ఇంటి అరుగుపై కూర్చుండియుంటిమి. ఎండ నిప్పులు చెరుగుచుండెను. ఎదుటి ఖాళీ స్థలములో ఉన్నట్టుండి ఎండుటాకులు, కాగితపు ముక్కలు, ఎర్రమన్ను చుట్టలు చుట్టుకొని తాటిచెట్టంత ఎత్తు లేచినవి. ఇంటిలోనుండి మా అమ్మగారు మనుమని కేక వేసిరి: “అటు పోకు బిడ్డా! దాంట్ల దయ్యముంటది.” పదేండ్ల ఆ బాలుడు బెదరలేదు. చేతిలోని ఆటయంత్రము నుండి తల ఎత్తి, ఆ సుడిని ఒక్కసారి పరికించి, “పెద్దబాపూ, గిది నా ఆటల కూడ వస్తది. దీన్ని ఎట్ల దాటాల్నో నాకెరుక” అనెను.

ఆ ఆట ఏమని అడిగితిమి. జపాను దేశపు నింటెండో సంస్థవారి మారియో ఆటలట. వానిలో కథానాయకుడు ఎడారి దాటుచుండగా సుడిగాలి ఒకటి శత్రువై ఎదురగును. ఒక ఆటలో కాకున్న మరియొక ఆటలో అది మరల మరల వచ్చుచుండును. 1996లో వెలువడిన సూపర్ మారియో 64 అను ఆటలో ఇసుకనేల మీద తిరుగాడు ఆ సుడి, తనకు చిక్కినవానిని ఆకాశమునకు ఎగురవేసి, గిరగిర త్రిప్పి విడిచిపెట్టును. నేర్పు గలవాడు దానినే ఆసరాగా గొని ఎత్తైన చోటికి చేరవచ్చునట. ఒకసారి ఓడిననేమి? ఆట మరల మొదలగును. సుడి మరల అచ్చటనే ఉండును. పదిసార్లు ఓడినవాడు పదునొకండవసారి దాని నడకను కనిపెట్టును.

ఒకే సుడిగాలి. దానిని మా అమ్మగారు దయ్యమనిరి. బాలుడు ఆటలోని పగవాడనెను. పాఠశాలలో చదువుకొన్న మేము దానిని వేడిగాలి సుడి అనుకొంటిమి. ఎవరు పెట్టిన పేరును బట్టి వారి నడవడి ఏర్పడుచున్నది. దయ్యమన్నవారు తలుపు వేసికొందురు. ఆట అన్నవారు ఎదురు పోవుదురు. ఈ ప్రసంగములో మేము మనవి చేయదలచినది ఇంతే: గాలికి సరియైన పేరు పెట్టుటయే దాని నుండి కాపాడుకొనుటకు మొదటి మెట్టు. ఇది కేవలము మాటల ముచ్చట కాదు. మన పొరుగు అడవిలో 2024వ సంవత్సరమున జరిగిన సంగతి దీనిని మనకు గట్టిగా బోధించినది.

ఆ సంగతికి పూర్వము పురాణకథ నొకదానిని స్మరింతము. జనగామ జిల్లాలో పాలకుర్తికి చేరువనే బమ్మెర గ్రామమున్నది. శ్రీమహాభాగవతమును తెనిగించిన పోతనామాత్యుని పేరు ఆ ఊరితో ముడిపడియున్నది. ఆ భాగవతము దశమస్కంధములో తృణావర్తుని కథ కలదు. యశోద బాలకృష్ణుని ఒడిలో నుంచుకొని లాలించుచుండగా, బాలుడు కొండవలె బరువెక్కును. ఆమె మోయజాలక నేల మీద దించును. అంతలో కంసుని పనుపున వచ్చిన రక్కసుడు సుడిగాలి రూపమున వ్రేపల్లెపై బడి, దుమ్ముతో కన్నులు కప్పి, బాలుని ఎత్తుకొనిపోవును. కొంత ఎత్తు పోయినపిదప బాలుని భారమును వాడు మోయలేకపోవును. బాలుడు వాని మెడను గట్టిగా పట్టుకొనును. రక్కసుడు బండపై కూలి ప్రాణములు విడుచును. బాలుడు మాత్రము వాని రొమ్ముపై క్షేమముగా ఆడుకొనుచుండును.

ఆ పేరును గమనింపుడు. తృణమనగా గడ్డిపోచ. ఆవర్తమనగా సుడి. గాలి కంటికి కనబడదు. అది త్రిప్పు గడ్డిపోచలే దాని ఆకారమును మనకు చూపును. ఆ పేరు పెట్టినవారెవరో గాని, వారు భయపడుటకు ముందు చక్కగా చూచిరి. దయ్యమను మాటలో భయము తప్ప మరేమియు లేదు. తృణావర్తుడను మాటలో పరిశీలన ఉన్నది. కనబడని దానిని కనబడు జాడను బట్టి తెలిసికొనవలెనను శాస్త్రధర్మము ఆ ఒక్క సమాసములో ఇమిడియున్నది.

ఇక గాలుల సంగతి. మనము సాధారణముగా సుడిగాలి అని ఒకే పేరుతో పిలుచుచున్న వానిలోను, దానితో పొరబడుచున్న వానిలోను ముఖ్యమైనవి మూడు కలవు.

మొదటిది మా అరుగు ఎదుట లేచినట్టిది. మహబూబాబాద్ ప్రాంతమున మిర్చి ఆరబోసిన కల్లముల మీద మాఘ ఫాల్గుణములు మొదలు దీనిని రైతులెల్లరు చూచుచునే యుందురు. ఎండకు నేల కాగును. నేల నంటియున్న గాలి వేడెక్కి తేలికపడి పైకి లేచును. ఆ ఖాళీని పూరింప చుట్టుప్రక్కల గాలి వచ్చి చేరుచు, కొద్దిపాటి మలుపు దొరికినచో తిరుగనారంభించును. పైన మబ్బు ఉండదు. ఆకాశము నిర్మలముగానే యుండును. ఇది నేల నుండి పుట్టి పైకి పోవునది. సాధారణముగా కొలది నిముషములలో చల్లారును. కల్లముపై కప్పిన పట్టాను ఎగురగొట్టవచ్చును, కంటిలో దుమ్ము కొట్టవచ్చును, అంతకంటె పెద్ద కీడు చేయుట అరుదు.

రెండవది ఆంగ్లమున టోర్నడో అనబడునది. ఇది నేలది కాదు, మేఘమునకు సంబంధించినది. క్యుములోనింబస్ అనబడు ఉరుముల మేఘము మిక్కిలి బలిసి, నేల దగ్గరి గాలి ఒక దిక్కునకు, పైగాలి మరియొక దిక్కునకు వేరువేరు వేగములతో వీచునప్పుడు, ఆ మేఘము లోపలనే ఒక సుడి ఏర్పడును. అది సన్నబడుచు, వేగము హెచ్చించుకొనుచు నేలను తాకును. అది నడచినంత మేర సన్నని దారిగా ధ్వంసమగును. ఆ దారికి కొన్ని బారల దూరములోని గుడిసె మాత్రము చెక్కుచెదరక నిలువవచ్చును. బంగ్లాదేశమున 1989 ఏప్రిల్ 26వ తేదీన దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతములలో ఇట్టి గాలి సుమారు 1300 మందిని పొట్టన బెట్టుకొన్నది. మన దేశమున ఇట్టివి అధికముగా వంగ, ఉత్కళ, అస్సాము ప్రాంతములలో వచ్చును.

మూడవది అసలు సుడియే కాదు. ఉరుముల మేఘములోని వాన, వడగండ్లు తమ వెంట చల్లబడిన బరువైన గాలిని ఒక్కుమ్మడిగా క్రిందికి త్రోయును. ఆ గాలి నేలను మోది అన్ని దిక్కులకు పరుగెత్తును. నిండు బిందెను నడివాకిట బోర్లించినప్పుడు నీరు నాలుగువైపుల చిమ్మినట్లు ఇది జరుగును. ఆంగ్లమున దీనిని డౌన్‌బర్స్ట్ అందురు. తక్కువ మేర ఆవరించినదానిని మైక్రోబర్స్ట్ అందురు. మనము దీనిని కుమ్మరింపుగాలి అని పిలుచుకొందము. దీని బలము ఒక్కొక్కప్పుడు చిన్నపాటి టోర్నడోకు తీసిపోదు.

ఇప్పుడు 2024వ సంవత్సరపు ఆగస్టు 31వ తేదీకి వత్తము. బంగాళాఖాతములోని వాయుగుండము తీరమునకు చేరుచుండెను. అది ఆ రాత్రి గడచుసరికి కళింగపట్టణము సమీపమున తీరము దాటినది. తెలంగాణము తూర్పుభాగమంతయు కుండపోతగా తడిసినది. మరునాడు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఆ వరద బొమ్మలను మనమందరము చూచితిమి. అదే ఆగస్టు 31వ తేదీన, భూపాలపల్లికి పొరుగున, 2019 వరకు ఆ జిల్లాలోనిదే అయి నేడు ములుగు జిల్లాలో చేరియున్న తాడ్వాయి, మేడారముల నడిమి అడవిలో మరియొకటి జరిగినది. అక్కడ కెమెరా లేదు, సాక్షి లేడు. తరువాత అటవీశాఖవారు లోనికి పోయి చూడగా, మహావృక్షములు వేళ్లతో సహా పెళ్లగిలి పడియుండెను. సుమారు 500 ఎకరముల మేర 50 వేలకు పైగా చెట్లు కూలినవని తొలి అంచనాలు తెలిపినవి.

అదృష్టమేమనగా ఆ అడవిలో మనుష్య ప్రాణనష్టము కలుగలేదు. దెబ్బను మ్రాకులే భరించినవి. ఊళ్లమీదికి రాకుండ సమ్మక్క తల్లియే అడ్డుపడినదని ఆ ప్రాంతీయులు చేతులు జోడించిరి. ఆ భక్తిని మేము గౌరవించుచున్నాము. అయినను ఒక్క మాట. రెండేండ్ల కొకసారి మాఘమాసములో లక్షలాది జనులు మేడారము జాతరకు ఆ అడవిదారులనే పట్టి పోవుదురు. జాతర లేని దినములలోను మొక్కులు తీర్చుకొన వచ్చువారు ఎందరో. అట్టి గాలి అట్టి జనము మీద వీచిన ఏమగును? ఈ ప్రశ్నను వేసికొనక తప్పదు.

ఆ వారమున పత్రికలలో ఆ గాలికి మూడు పేర్లు వినవచ్చినవి. కొందరు టోర్నడో అనిరి. కొందరు మైక్రోబర్స్ట్ అనిరి. మరికొందరు క్లౌడ్‌బర్స్ట్ అనిరి. ఈ చివరి పేరు మాత్రము గాలికి తగదు. అది వానకు చెందిన మాట. ఇరువది, ముప్పది చదరపు కిలోమీటర్ల చోట ఒక గంటలో 10 సెంటీమీటర్లు, అంతకు మించి వర్షము కురిసినప్పుడు వాతావరణ శాఖవారు వాడు పదమది. తక్కిన రెండింటిలో ఏది నిజము? చూచినవారు లేనప్పుడు ఎట్లు తెలియును?

దీనికి సమాధానము చెప్పిన మహనీయుడొకడు జపానులో పుట్టినాడు. ఆయన పేరు టెట్సుయా ఫుజిటా. 1945 ఆగస్టులో నాగసాకిపై అణుబాంబు పడిన పిదప, యువ అధ్యాపకుడైన ఫుజిటా ఆ శిథిలములలో తిరిగి, విస్ఫోటము నేల నుండి ఎంత ఎత్తున జరిగినదో మిగిలిన జాడలను బట్టి లెక్కగట్టినాడు. 1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమునకు పోయినాడు. టోర్నడోల బలమును అవి చేసిన నష్టమును బట్టి తూచు కొలమానమును 1971లో రూపొందించినాడు. 1974 ఏప్రిల్ 3, 4 తేదీలలో అమెరికాలో ఒక్కుమ్మడిగా 148 టోర్నడోలు చెలరేగినవి. ఆ జాడలను విమానము నుండి పరిశీలించుచు వెస్ట్ వర్జీనియా అడవులపై పోవుచుండగా, ఒకచోట చెట్లు సుడివలె కాక నడుమ నుండి నలుదిక్కులకు చుక్కపువ్వు రేకులవలె పడియుండుట ఆయన కంటబడినది. నాగసాకిలో చూచిన జాడ ఆయనకు స్ఫురించినది. ఇది త్రిప్పిన గాలి కాదు, పైనుండి మోదిన గాలి అని ఊహించినాడు.

మరుసటి సంవత్సరము జూన్ 24వ తేదీన న్యూయార్కులో దిగబోవుచున్న విమానమొకటి ఉరుముల వానలో కూలి వందమందికి పైగా మరణించిరి.  ఫుజిటా ఆ కుమ్మరింపుగాలియే కారణమనెను. ఆరంభమున పలువురు ఒప్పుకొనలేదు. క్రమముగా రుజువులు దొరికినవి. విమానాశ్రయములలో ఆ గాలిని పసిగట్టు రాడార్లు వెలసినవి, విమానచోదకులకు ప్రత్యేక శిక్షణ ఏర్పడినది, అట్టి ప్రమాదములు మిక్కిలి తగ్గిపోయినవి. పడిన చెట్లను చదువుటతో మొదలైన విద్య ప్రాణములను కాపాడునంతవరకు వచ్చినది. పేరు సరిగా పెట్టుటలోని ఫలము ఇది.

కావున తాడ్వాయి అడవిలో కూలిన చెట్లు కేవలము కలప కాదు. అవి ఒక వాఙ్మూలము. మ్రానులు ఒకదానిపై నొకటి అల్లుకొని సన్నని దారి పొడవున లోపలికి వ్రాలియున్నచో సుడి నడచినదని అర్థము. ఒకే దిక్కుగానో, విసనకర్రవలె విచ్చుకొనియో పడియున్నచో కుమ్మరింపుగాలి మోదినదని అర్థము. అయితే వానకు నానిన నేలలో వేళ్ల పట్టు సడలును. లోతు తక్కువ మన్నులో వేళ్లు పైపైనే పాకును. కనుక చెట్లు పడిన తీరుతో పాటు నేల తీరును గూడ చదువవలెను. ఉపగ్రహ చిత్రములు ఉన్నవి, పైనుండి చిత్రించు డ్రోనులు ఉన్నవి. ఇట్టిది మరల జరిగినప్పుడు గొడ్డలి వేయుటకు ముందే ప్రతి మ్రాని తల ఏ దిక్కున పడినదో గుర్తించి భద్రపరచుకొనుట అలవాటు కావలెను. కలపను తొలగించిన మరుక్షణము ఆ వాఙ్మూలము చెరిగిపోవును.

ముందుగా హెచ్చరిక ఏల రాలేదని మీరడుగవచ్చును. దానికి ఒక కారణము దూరము. హైదరాబాదులోని డాప్లర్ రాడారుకు మేడారము సుమారు 200 కిలోమీటర్లు. మచిలీపట్టణపు రాడారుకు అంతకంటె దూరము. రాడారు కిరణము తిన్నగా పోవును, భూమి వంగియుండును. 200 కిలోమీటర్లు పోవుసరికి ఆ కిరణము నేలకు మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తున సాగిపోవును. మేఘపు నడుము దానికి కనబడును, పాదములు కనబడవు. కీడు జరుగునది పాదముల చెంతనే. ఇట్టి గాలులు పుట్టి, పెరిగి, చచ్చుటకు కొన్ని నిముషములు చాలును. పెద్ద తుఫానును నాలుగు దినముల ముందు చెప్పగల శాస్త్రము ఈ చిన్న శత్రువును అరగంట ముందు చెప్పుటకు దగ్గరి కన్ను కోరును. గోదావరి అడవుల చెంత అట్టి కన్ను ఉండవలెనని కోరుట అత్యాశ కాదు.

మరియొక పొరపాటును గూర్చి చెప్పవలసియున్నది. అదే సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించినది. హైదరాబాదు వరకు ఆ అదురు తెలిసినది. మూడు నెలల ఎడముతో ఒకే సీమలో రెండు వింతలు జరిగినప్పుడు రెంటికి ముడి పెట్టుట మనసునకు సులభము. కాని గాలి మేఘములో పుట్టినది, కంపము భూగర్భములో పుట్టినది. ఒకదానికి మరియొకటి కారణము కాదు. తప్పు ముడి వేసినచో రెండింటి నుండియు కాపాడుకొనలేము. గాలికి గట్టి కప్పు కావలెను, కంపమునకు ఆరుబయలు కావలెను. పేరు తప్పినచో ప్రాణరక్షణ మార్గము తలక్రిందులగును.

ఇక మన ఇండ్లలో మనము చేయదగినది. వేసవి సాయంకాలములలోను, వాయుగుండపు దినములలోను, పడమటనో తూర్పుననో మేఘము నల్లబడి, ఉన్నట్టుండి చల్లగాలి మోమును తాకినచో, అది హాయి కాదు, హెచ్చరిక. కుమ్మరింపుగాలి మొనయే ఆ చల్లదనమని తెలియుడు. చెట్టు నీడను వెంటనే విడువుడు. పశువులను చెట్టుకు కట్టియుంచకుడు. రేకుల షెడ్డు కంటె స్లాబు ఇల్లు మేలు. ఇంటిలోను కిటికీలకు దూరముగా, నడిమి గది మేలు. రేకులపై రాళ్లు పెట్టుట మన ఊళ్లలో వాడుక. పెనుగాలికి రేకుతో పాటు ఆ రాయియు ఎగిరిపడును. రాయి బదులు కొక్కెములతో, తీగెతో దూలమునకు బిగించుట క్షేమము. కల్లములో మిర్చి కాపలాకున్నవారు పట్టాను పట్టుకొని గాలితో పెనుగులాడకుడు. పంట మరల పండును. పిడుగుల సూచనకు దామిని అను యాప్ ఉన్నది. చరవాణి స్తంభములు పడిపోయి, విద్యుత్తు నిలిచిన రాత్రి బ్యాటరీతో పలుకు రేడియో ఒకటి ఇంటనుండుట మేలని మేము చెప్పినచో, అది మా వృత్తి పక్షపాతమని అనుకొనవలదు.

ఆనాటి అరుగు వద్దకు మరల పోదము. సుడి అణగినపిదప ఆ బాలుడు ఆ ఖాళీ స్థలమునకు పోయి, నేలను వంగి చూచి వచ్చెను. “ఏం జూసినవురా?” అని మా అమ్మగారు అడిగిరి. “ఆకులన్ని గుండ్రంగ పడ్డయి నానమ్మా” అని వాడు చెప్పెను. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితె పోయి చూపియ్యి” అని చేతికర్ర అందుకొని వాని వెంట నడచిరి. అవ్వ మనుమని చెయ్యి పట్టుకొని ఆ ఎర్రమట్టిపై గడ్డిపోచలు గీచిన వలయము చుట్టు తిరిగి చూచుట మేము అరుగుపై నుండి చూచితిమి. దయ్యమును గూర్చి ఆమె మరల మాట ఎత్తలేదు. ఆటలో శత్రువు నూరుసార్లు వచ్చును, ఆడువానికి నూరు ప్రాణములుండును. మనకు ఒక్కటే. అందుచేత అది వచ్చిపోయిన ప్రతిసారి దాని జాడను చదివి పెట్టుకొనుట మన విధి. అది మరల రాక మానదు.

సెలవు.